తాత రాసిన 'నక్షత్రం'

ఆదివారం, రాత్రి పదిన్నర.

పొద్దున బెంగళూరు పీణ్యలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో మారి, హలసూరులో మేనత్త ఇంటికి వెళ్ళాను. నెలకోసారి అత్తకు షుగర్ మాత్రలు ఇచ్చి, భోంచేసి రావడం అలవాటు. ఈసారి సంచిలో భూతద్దం, టేబుల్ ల్యాంపు కూడా పెట్టుకున్నాను. తాత కాగితాల సంగతి ఇవాళ తేల్చేయాలని.

తాత సైన్యంలోని ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో సుబేదారుగా చేసి 1947లో ఇంటికి వచ్చేశాడు. 1780లో పుట్టిన దళం అది, దాని కేంద్రం ఇప్పటికీ అత్త ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. వస్తూ ఒక వెబ్లీ రివాల్వర్ తెచ్చుకున్నాడు, లైసెన్సుతోనే. అయినా మదనపల్లె పక్కన మా ఊళ్ళో మాత్రం 'దొరల తుపాకి ఎత్తుకొచ్చినాడు' అనే మాట పోలేదు. నా చిన్నప్పుడు బడిలో ఒక పిల్లవాడు నా మొహం మీదే అన్నాడు. వయసు మీదపడ్డాక తాత దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించేశాడు. ఇచ్చే ముందు రాత్రి ఒక్కో భాగం మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిల్ రుద్ది, ముద్రలన్నీ దించుకున్నాడట. అవి ఎనిమిది కాగితాలు. ఒక్కోదాని కింద ఆయన చేత్తో 'గొట్టం', 'గిర్ర', 'పిడి పైన' అని రాసి ఉంది.

నేను ముప్పై ఏళ్ళుగా టూల్ రూములో పని చేస్తున్నాను. ఇనుము మీద అక్షరం ఎలా పడుతుందో నాకు చెయ్యి తిరిగిన సంగతి. అందుకే ఆరు నెలలుగా ఈ కాగితాలు నన్ను వదలడం లేదు.

కొన్ని తేలికగానే తెలిశాయి. ఎడమవైపు వెబ్లీ పేరు, 1917. ఇది బర్మింగ్‌హామ్‌లో తయారైన ఆరో మార్కు, అంటే ఆరో మోడల్, బ్రిటిష్ సైన్యం 1915లో తీసుకున్న రకం, గొట్టం ఆరు అంగుళాలు. గిర్రలో తూటాలు పట్టే గదులు ఆరు. ఒక్కో గది దగ్గరా ఒకదాని మీద ఒకటి వాలిన రెండు చిన్న జెండాలు కనిపించాయి. మామూలు కంటే గట్టిగా తుపాకి మందు పెట్టి పేల్చి, పగలలేదని చూశాకే ఆ గుర్తు కొట్టేవారు. కిరీటం, దాని కింద అంకె, ఒక అక్షరం ఉంటే అది తనిఖీ చేసిన మనిషి గుర్తు. వందేళ్ళ కిందట ఆ భాగాన్ని చేతిలోకి తీసుకుని 'సరిపోయింది' అన్న ఒకాయన ఆ అంకెలో ఉన్నాడు. నాకది ఎంత గౌరవంగా అనిపించిందో చెప్పలేను.

చాలాకాలం నన్ను తికమక పెట్టింది నంబర్లు. బాడీ మీద 41తో ముగుస్తుంది, గిర్ర మీద 76తో. తాత ఏదైనా మార్చాడా అని టెన్షన్ పడ్డాను. తర్వాత మా పనే గుర్తొచ్చింది. డై సెట్ పై ముక్కకూ కింది ముక్కకూ ఒకే నంబరు కొడతాం, ఎందుకంటే అవి ఒకదానికొకటి ఆకురాయితో సర్ది కూర్చినవి. ఇదీ అంతే. గిర్ర ఎక్కడో అరిగి, ఆయుధాల రిపేరు షాపులో ఎవరో ఫిట్టర్ మరో రివాల్వర్‌ది తెచ్చి వేశాడన్నమాట. యుద్ధంలో అది రోజూ జరిగే పని.

బాణం గుర్తు, దానితో ఇంగ్లీషు 'ఐ' అక్షరం కూడా ఉన్నాయి. మూడు గీతల ఆ బాణం బ్రిటిష్ ప్రభుత్వపు సొత్తుకు వేసే గుర్తు, 'ఐ' అంటే ఇండియా. ఊరివాళ్ళు చూపించి మాట్లాడింది దీన్నే: 'సర్కారు ముద్ర ఉంది కదా, మరి మీ ఇంట్లో ఎందుకుంది?'

ఏడో కాగితం కింద తాత 'నక్షత్రం' అని మాత్రం రాశాడు. మసకగా ఉంటే నేనూ ఆరు కొనల చుక్కే అనుకుంటూ వచ్చాను. ఇవాళ ల్యాంపును పక్కనుంచి వాల్చి చూశాను. అవి ఎదురెదురుగా, మొనకు మొన తాకేలా కొట్టిన రెండు బాణాలు. ఒకటి కొంచెం వంకర, అంటే చేత్తో విడివిడిగా కొట్టారు. వాటి చుట్టూ పెన్సిల్ నల్లగా, మందంగా అంటింది. పంచ్ దిగితే లోహం అంచు పైకి పొంగుతుంది, బర్ అంటాం. మిగతా ముద్రల అంచులు పాలిష్‌లో, వాడకంలో నునుపెక్కాయి. వీటివి అలాగే ఉన్నాయి. అన్నిటికన్నా ఆఖరున పడ్డ ముద్ర ఇదే.

మొనకు మొన కలిపిన రెండు బాణాలంటే సైన్యం ఆ వస్తువును తన లెక్కలోంచి తీసేసి అమ్మేసిందని అర్థం. ఆ గుర్తు గురించి నేను ముందే చదివాను. ఈ నక్షత్రం అదేనని మాత్రం ఇన్నాళ్ళూ తట్టలేదు.

ల్యాంపు ఆర్పకుండా చాలాసేపు కూర్చున్నాను. అత్త వంటింట్లోంచి వచ్చి, "ఏమిరా, అన్నం చల్లారిపోతాంది" అంది. చెప్పాను. ఆమె కాగితం అందుకుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"అంటే నాయన కొనుక్కున్నాడా?"

"ముద్రలో తాత పేరుండదత్తా. కానీ ఎత్తుకొచ్చిన దానికి అమ్మినట్టు ముద్ర ఎవరు కొడతారు?"

అత్త ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "ఆయనకు తెలియదు కదరా. తెలిసుంటే నక్షత్రమని రాసుంటాడా?" అంది. నాకు గొంతు పట్టేసింది. ఊరంతా అడిగిన దానికి జవాబును తన చేత్తోనే రుద్ది తీసుకుని, దానికి ఏదో ఒక పేరు పెట్టి దాచుకున్నాడు తాత.

భోజనాలయ్యాక అత్త పెన్సిల్ తెచ్చి, 'నక్షత్రం' పక్కన అసలు సంగతి రాయమంది. తాత అక్షరాల పక్కన నా రాత పెట్టడానికి చెయ్యి రాలేదు. వేరే చీటీ మీద రాసి, కాగితం వెనక పిన్ను పెట్టాను. అత్త మదనపల్లెలో ఉన్న చిన్నాన్నకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, "రేయ్, నాయన తుపాకి గురించి మాట్లాడాల, కూర్చో" అంటూ మొదలుపెట్టింది.