నీళ్లు, ఒక ఇల్లు, ఒక నవల

నల్గొండ జిల్లా మర్రిగూడ బస్సులో సీటిస్తే పెద్దాయన కూర్చోలేకపోయాడు. నడుము వంగట్లేదు. "మా నాయినకు గూడ గిట్లనే ఉండె బిడ్డా. అంతా ఆ బోరు నీళ్లే" అన్నాడు. ఫ్లోరైడ్. నీళ్లలో అది ఎక్కువైతే ఎముకలు బిగుసుకుపోతాయి.

నా చేతిలో అబ్రహాం వర్గీస్ నవల 'ది కవనెంట్ ఆఫ్ వాటర్' ఉంది. అందులోనూ తరతరాలను వెంటాడేది నీళ్లే. కేరళలో ఒక కుటుంబం, తరానికి ఒకరైనా నీళ్లలో మునిగి చనిపోతుంటారు. 1900 నుంచి 1977 దాకా నడిచే కథ. చివరికి ఆ ఇంటి మనవరాలే డాక్టరై కారణం వెతుకుతుంది.

రచయిత డాక్టరే, అందుకే ఆపరేషన్లు కళ్లకు కట్టినట్టుంటాయి. నా మనసు మాత్రం పన్నెండేళ్లకే పెళ్లై ఆ ఇంటికొచ్చిన అమ్మచ్చి దగ్గరే ఉండిపోయింది. ఎంత ప్రేమ ఆమెది!

700 పేజీలు దాటుతుంది, అయినా చదవండి. ఇంట్లో ఎవరైనా మెడిసిన్ చదువుతుంటే ముందు వాళ్లకివ్వండి.