మ్యూయాన్ల ఆయుష్షు: కడపలో ఒక లెక్క, హార్స్‌లీ కొండ మీద ఒక లెక్క

కాంతి వేగానికి దగ్గరైతే కాలం నెమ్మదిస్తుందని చెప్పడానికి పాఠాల్లో ఎప్పుడూ రాకెట్టే వస్తుంది. అంత వేగంతో పోయే రాకెట్టు ఎవరి దగ్గరా లేదు. అంత వేగంతో పోయే కణాలు మాత్రం మన మిద్దెల మీద పడుతూనే ఉన్నాయి. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున గాలిని గుద్దుకుంటే మ్యూయాన్లు పుడతాయి, ఇవి ఎలక్ట్రాన్ లాంటివే గానీ బరువైనవి, కాసేపట్లో నశించిపోయే కణాలు. నేల మీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి దాదాపు ఒకటి చొప్పున దిగుతాయి.

కదలకుండా ఉన్న మ్యూయాన్ సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. అంతలో కాంతి అయినా 660 మీటర్లే పోగలదు. వేగం కాంతి వేగంలో 0.998 వంతు అనుకుందాం. 15 కిలోమీటర్లకు 50 మైక్రోసెకన్లు పడుతుంది. కాలం అందరికీ ఒకటే అయితే సుమారు 800 కోట్లలో ఒక్కటి నేల చేరాలి. ఆ వేగానికి గామా, అంటే కాలం ఎన్ని రెట్లు సాగుతుందో చెప్పే సంఖ్య, 15.8. అంటే మనకు 50 గడిచేసరికి మ్యూయాన్‌కు 3.2 మైక్రోసెకన్లే గడుస్తాయి, నూటికి 23 పైగా మిగులుతాయి. మ్యూయాన్ వైపు నుంచి చూస్తే దాని ఆయుష్షు మారదు, 15 కిలోమీటర్ల గాలే 950 మీటర్లకు కుంచించుకుపోతుంది.

బి.ఎస్సీ. విద్యార్థులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఆయుష్షును గామాతో పెంచి, దూరాన్నీ గామాతో తగ్గిస్తారు. నూటికి 91 మిగిలాయని జవాబు వస్తుంది. రెంటిలో ఒక్కటే చేయాలి. 2.2ను అర్ధాయువుగా వాడటం ఇంకో తప్పు, అర్ధాయువు 1.52.

అసలు ఈ 0.998 లెక్కే నాకు నచ్చదు. గాలి మొత్తం దాటడానికి మ్యూయాన్ దాదాపు 200 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి పోగొట్టుకుంటుంది. గామా 15.8 ఉన్న మ్యూయాన్ మొత్తం శక్తే 167 కోట్లు. అది నేలదాకా రానే రాదు. నేల చేరేవాటి సగటు శక్తి 400 కోట్లు, గామా దాదాపు 38. అందుకే పుట్టిన చోటును వదిలేసి, రెండు ఎత్తుల మధ్య తేడా కొలవడమే నిజాయితీ గల పద్ధతి. అమెరికాలో ఫ్రిష్, స్మిత్ అనే భౌతిక శాస్త్రవేత్తలు చేసి 1963లో ప్రకటించింది ఇదే: 1,900 మీటర్ల ఎత్తున గంటకు 563, సముద్ర మట్టంలో 408. కాలం సాగకపోతే రావలసింది 27.

మనకు హార్స్‌లీ కొండ ఉంది. కడపకూ దానికీ ఎత్తు తేడా సుమారు 1,100 మీటర్లు, కాంతికి 3.7 మైక్రోసెకన్ల దారి. కాలం సాగకపోతే కొండ మీది నూరులో 19 మాత్రమే కడపకు దిగాలి. గామా 38 అయితే 96. నెమ్మదైనవి ఎక్కువ నశిస్తాయి గనక అసలు లెక్క 96 కంటే కొంత తగ్గుతుంది, 19 దరిదాపుల్లోకి మాత్రం రాదు.

అయితే మధ్యనున్న గాలి కూడా కొన్నిటిని ఆపేస్తుంది. దానికి సరిపడా అడ్డం కొండ మీది కౌంటర్‌పైన పెట్టాలి. 1,100 మీటర్ల గాలి బరువు 1.2 మీటర్ల నీటికి సమానం, స్టాండు మీద నీళ్ల ట్యాంకు చాలు. చూడాల్సింది నీటి ఎత్తు, లీటర్లు కాదు. కౌంటర్ అంటే ఒకదాని కింద ఒకటిగా రెండు సింటిలేటర్ పలకలు, కణం దూరితే మెరిసేవి. రెండూ ఒకేసారి మెరిస్తేనే లెక్క. మధ్యలో 10 సెంటీమీటర్ల సీసం తప్పనిసరి, లేకపోతే ఎత్తున మరీ ఎక్కువగా ఉండే ఎలక్ట్రాన్లు కొండ లెక్కను పెంచేస్తాయి. రెండు చోట్లా సీసం, పలకల ఎడం ఒకటే ఉండాలి. కాంక్రీటు కప్పు కింద పెట్టకండి.

నూరు లెక్కిస్తే పది అటూ ఇటూ పోతుంది. పదివేలు లెక్కిస్తే ఒక శాతానికి వస్తుంది. ఎండాకాలంలో కడప వేడికి, పలకల మెరుపును విద్యుత్ పల్సుగా మార్చే ఫోటోమల్టిప్లయర్‌లో ఉత్తుత్తి పల్సులు పెరుగుతాయి, కొండ చల్లదనానికి తగ్గుతాయి. అందుకే వోల్టేజీ కొంచెం మార్చినా లెక్క మారని ప్లాటోను కొండ ఎక్కాక మళ్లీ వెతకాలి, కడపలో పెట్టిన వోల్టేజీతోనే లెక్క మొదలుపెట్టకూడదు.