చూసింది చూశానని, విన్నది విన్నానని

మన ఊరి బడిలో ప్రార్థన అయ్యాక వార్తలు చదవడం ఉండేది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి పొద్దున 6.45కి వచ్చే ప్రాంతీయ వార్తలు విని, నోట్సులో నాలుగైదు ముక్కలు రాసుకొచ్చి, అందరి ముందూ నిలబడి గట్టిగా చదవాలి. తొమ్మిదో తరగతిలో నా వంతు బుధవారం. మంగళవారం రాత్రే తాతయ్య రేడియోలో బ్యాటరీలు చూసుకుని పడుకునేదాన్ని.

ఒక బుధవారం రేడియోలో రాని వార్త చదివాను. ముందు రోజు రాత్రంతా వాన. పాలు పోయడానికి వచ్చినాయన చెరువు గట్టు తెగిందన్నాడు. అదే మొదటి వార్తగా రాసేసుకున్నాను. చదవగానే చెరువు కింద పేట నుంచి వచ్చే పిల్లల్లో ఇద్దరు ఏడుపు మొదలుపెట్టారు. ఒకడైతే పుస్తకాల సంచీ అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తాడు. గట్టు తెగలేదు. అలుగు పారుతోంది, అంతే. సోషల్ మాస్టారు నన్ను తిట్టలేదు. వరండాలో కూర్చోబెట్టి, "చూసిందైతే చూశానని చెప్పమ్మా. విన్నదైతే ఎవరి దగ్గర విన్నావో చెప్పు. తెలియకపోతే తెలియదని చెప్పు, అందులో తప్పేం లేదు" అన్నారు. మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని ఆ పిల్లాడింటికి తీసుకెళ్లారు.

ఆ మాటలు మళ్లీ నా చెవిలో పడినట్టనిపించింది న్యూయార్క్‌లో, 2024 ఏప్రిల్ 30 రాత్రి. అప్పుడు కొలంబియా యూనివర్సిటీలో ఎం.ఎస్. రెండో సెమిస్టర్ చదువుతున్నాను. ఏప్రిల్ 17న బట్లర్ లైబ్రరీ ఎదుట పచ్చిక మీద విద్యార్థులు గుడారాలు వేశారు. గాజా యుద్ధం నడుస్తోంది, ఇజ్రాయెల్‌తో సంబంధమున్న కంపెనీల్లో యూనివర్సిటీ పెట్టిన పెట్టుబడులు వెనక్కి తీసుకోవాలని వాళ్ల డిమాండ్. మర్నాడే పోలీసులు వచ్చి వందమందికి పైగా అరెస్టు చేశారు. గుడారాలు మళ్లీ వెలిశాయి. ఏప్రిల్ 30 తెల్లవారకముందే కొందరు హామిల్టన్ హాల్ అనే భవనంలోకి చొరబడి, తలుపులకు బల్లలు కుర్చీలు అడ్డం పెట్టి, గాజాలో చనిపోయిన చిన్నారి హింద్ రజబ్ పేరు ఆ భవనానికి పెట్టారు. ఆ రోజు నుంచి లోపలి హాస్టళ్లలో ఉండేవాళ్లకీ, అత్యవసర సిబ్బందికీ తప్ప ఎవరికీ గేటు తీయలేదు.

మేం ముగ్గురం తెలుగమ్మాయిలం, క్యాంపస్‌కు కాస్త దూరంలో అద్దెకుంటున్నాం. వీసా మీద చదువుకునే వాళ్లం, ఎవరికి ఏమవుతుందోనని ఒకటే టెన్షన్. వాట్సాప్ గ్రూపుల్లో నిమిషానికో కబురు. ఒకరు కాల్పులంటారు, ఇంకొకరు అందరినీ దేశం నుంచి పంపేస్తారంటారు. ఎవరు చెప్పారంటే ఎవరి దగ్గరా జవాబు లేదు. చెరువు గట్టు తెగిందన్న నా వార్తే అది, ఇంగ్లీషులో.

క్యాంపస్ రేడియో డబ్ల్యూకేసీఆర్ వెబ్‌సైట్ తెరిచాం. ఎంతమంది ఒకేసారి వింటున్నారో ఏమో, ఆగిపోయింది. మా రూమ్మేట్‌కి అలారం పెట్టుకునే పాత గడియారం రేడియో ఒకటుంది. దాని వైరు కిటికీ దాకా లాగి 89.9 పెట్టాం. వచ్చింది.

ఆ స్టేషన్ గురించి చెప్పాలి. 1941లో విద్యార్థుల రేడియో క్లబ్బుగా మొదలై, 1956లో ఎఫ్‌ఎం అయింది. నడిపేదంతా విద్యార్థులే. మామూలుగా పగలూ రాత్రీ సంగీతమే, ఎక్కువగా జాజ్. ఆ రోజుల్లో సంగీతం ఆపి వార్తలకు కూర్చున్నారు. జర్నలిజం డిగ్రీ ఉన్నవాళ్లు కారు, పద్దెనిమిది ఇరవై ఏళ్ల పిల్లలు. పాటల రికార్డులు పెట్టేవాళ్లు, రేపో ఎల్లుండో పరీక్షలున్నవాళ్లు.

రాత్రి తొమ్మిది దాటింది. పోలీసులు వందల్లో దిగారు. నిచ్చెన వంతెనలా చాచుకునే పెద్ద బండి తెచ్చి, హామిల్టన్ హాల్ రెండో అంతస్తు కిటికీకి ఆనించి, ఒకరి వెనక ఒకరు లోపలికి వెళ్లారు. దగ్గరున్న విలేకరులను దూరంగా నెట్టేశారు. లోపల ఏం జరుగుతోందో చూసే కళ్లు లేవు.

ఆ రేడియో పిల్లలు ఫోన్లలో స్టూడియోకి చెబుతూనే ఉన్నారు. నేనెక్కడ నిలబడ్డాను, ఇక్కడి నుంచి ఏం కనిపిస్తోంది, ఏం కనిపించడం లేదు, ఎవరో ఇలా అన్నారు కానీ మేం ఇంకా నిర్ధారించుకోలేదు. ఇదే వరస. మాట్లాడుతుంటే ఊపిరి ఎగపోసుకోవడం వినిపిస్తోంది. తోటి విద్యార్థులను పట్టుకుపోతుంటే ఆ వయసులో నోటికి ఎన్ని మాటలు రావాలి? వాళ్లు చూసినంతే చెప్పారు. నేను అంతకంటే పెద్ద ధైర్యం ఎక్కడా చూడలేదు.

సరిగ్గా తొమ్మిదింపావుకి అమ్మ ఫోన్. మన ఊళ్లో అప్పటికి బుధవారం పొద్దున 6.45. "టీవీలో చూపిస్తున్నారు, నువ్వెక్కడున్నావే? ఆ గొడవల్లోకి వెళ్లకు తల్లీ" అంది. ఇంట్లోనే ఉన్నానని చెప్పి, ఫోన్ రేడియో దగ్గర పెట్టాను. అమ్మకి ఆ ఇంగ్లీషు అర్థం కాదు. అయినా కాసేపు వింది. "చిన్నపిల్లల గొంతులా ఉందే. వాళ్లమ్మలకు తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను.

ఆ రాత్రి కొలంబియాలో వందమందికి పైగా అరెస్టయ్యారు. లోపల ఒక పోలీసు అధికారి తుపాకీ పొరపాటున పేలిందనీ, ఎవరికీ దెబ్బ తగల్లేదనీ రెండు రోజులకు గానీ బయటికి రాలేదు. గోడ లోపల తుపాకీ పేలినా గోడ బయట తెలియలేదంటే, ఆ పిల్లలు అక్కడ నిలబడటం ఎంత అవసరమో నాకు అప్పుడు అర్థమైంది. క్యాంపస్‌లలో నిరసనలను, అరెస్టు ప్రమాదం ఉన్నా వదలకుండా రిపోర్టు చేసిన విద్యార్థులను, అమెరికాలో జర్నలిజం అవార్డులిచ్చే పులిట్జర్ బోర్డు ప్రత్యేకంగా అభినందించింది.

1968లోనూ ఇదే హామిల్టన్ హాల్, ఇదే ఏప్రిల్ 30. వియత్నాం యుద్ధానికి పనికొచ్చే పరిశోధన మీద, పక్కనున్న పార్కులో కట్టబోయిన వ్యాయామశాల మీద రగిలిన విద్యార్థులు అయిదు భవనాలు ఆక్రమించారు. తెల్లవారుజామున పోలీసులు దాదాపు 700 మందిని పట్టుకెళ్లారు. ఆ రాత్రి కూడా మైకు ముందు డబ్ల్యూకేసీఆర్ విద్యార్థులే ఉన్నారు.

మనవైపు సంగతి తలుచుకుంటే బాధగా ఉంటుంది. 2016 మార్చి 22న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాతికమంది దాకా విద్యార్థులను, ఇద్దరు అధ్యాపకులను అరెస్టు చేసినప్పుడు నేను ఇంటర్ ఫస్టియర్. ఆ యూనివర్సిటీకీ సొంత ఎఫ్‌ఎం ఉంది, బోల్ హైదరాబాద్, 90.4. కానీ మన దేశంలో క్యాంపస్ రేడియోలకు, కమ్యూనిటీ రేడియోలకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. పాటలు వేయొచ్చు, ఆరోగ్యం గురించి, వ్యవసాయం గురించి చెప్పొచ్చు. కళ్ల ముందు జరిగింది వార్తగా చెప్పకూడదు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంగం రేడియో నడుపుతున్నారు. ఇంత నేర్చినవాళ్లకు వార్త చెప్పడం చేతకాదా? ఈ నిబంధన పోవాలి. నేను గట్టిగా నమ్మే మాట ఇది.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రూమ్మేట్ ఆ గడియారం రేడియో నాకిచ్చేసింది. మన బడిలో వార్తలు చదవడం ఇప్పుడూ ఉందో లేదో ఈ సంచిక చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి. ఉంటే, వచ్చే సంక్రాంతికి వచ్చినప్పుడు సెలవులు అయ్యేదాకా ఆగి, ఒక బుధవారం పొద్దున వెనక వరుసలో నిలబడి వింటాను.