అమ్మ గడిలో 'ఉచితం' అని రాసుకున్నాను

ప్రసూతి సెలవు ఇంకో ఆరు వారాల్లో అయిపోతుందనగా, ఒక రాత్రి పాప నిద్రపోయాక నేను ఆఫీసుకెళితే పాపని ఎవరు చూసుకోవాలో తేల్చుకుందామని నోటుబుక్కు తీసి మూడు గడులు గీశాను. మా అమ్మ, ఇంటికొచ్చే ఆయా, డేకేర్. అమ్మ గడిలో 'ఉచితం' అని రాసి, మిగతా రెండింటి నెల ఖర్చునీ నా జీతంలోంచి తీసేశాను. మిగిలింది చూస్తే ఉద్యోగం మానేయడమే నయం అనిపించింది.

మా ఆయన చూసి రెండు మార్పులు చేశారు. 'ఉచితం' కొట్టేసి 'మోకాళ్ళ నొప్పులు' అని రాశారు. తర్వాత "నీ జీతంలోంచే ఎందుకు తీశావు? పాప ఇద్దరిదీ కదా" అన్నారు. నిజమే, ఆ మాట నాకే తట్టలేదు. ఇద్దరి జీతాలూ కలిపి, నేను మానేస్తే ఆగిపోయే పొదుపు, రెండేళ్ళ తర్వాత మళ్ళీ చేరితే తగ్గే జీతం కూడా వేసి చూస్తే లెక్క పూర్తిగా మారిపోయింది.

ఆయా కోసం ముగ్గురితో మాట్లాడాం. ఒకావిడ బాగా నచ్చింది, పాప కూడా ఆవిడ చేతుల్లో ఏడవలేదు. గొంతులో ఏమైనా అడ్డుపడితే ఏం చేస్తారని అడిగితే "వేలు పెట్టి తీసేస్తానమ్మా" అంది. కనబడనిదాని కోసం అలా వేలు పెడితే అది ఇంకా లోపలికి పోవచ్చు. ఏడాదిలోపు పిల్లలైతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని వీపు మీద 5 సార్లు చరచాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి. (ఆవిడని తప్పుపట్టే హక్కు నాకేం లేదు, నేను నేర్చుకున్నదీ అంతకు వారం ముందే.) అది నేర్పించొచ్చు. కానీ ఆవిడకి జ్వరమొస్తే ఆ రోజు మాకెవరూ లేరు. పైగా రోజంతా పాపని చూసే రెండో మనిషి ఇంట్లో ఉండరు. అక్కడే ఆగిపోయాం.

మొదట చూసిన డేకేర్ మాకు అందుబాటు ధరలోనే ఉంది. గదిగదికీ కెమెరాలు, గోడల నిండా బొమ్మలు. ఒక్కొక్కరు ఎంతమంది పసిపిల్లల్ని చూస్తారని అడిగితే "అందరం కలిసి చూసుకుంటామండీ" అన్నారు. నిద్రగదిలోకి తొంగిచూస్తే మెత్తటి దిండు మీద ఒక బాబు బోర్లా పడుకుని ఉన్నాడు, పైన మందపాటి దుప్పటి. "బోర్లా అయితే గాఢంగా నిద్రపోతారు" అని నవ్వారు. భయమంతా అందులోనే ఉంది. ఊపిరి ఇబ్బందైనప్పుడు బిడ్డ తనంతట తాను మేలుకోవాలి, అంత గాఢనిద్రలో మేలుకోవడం కష్టం. ఆ మాట ఇంటికొచ్చి చెబితే మా అమ్మ "నిన్నూ అలాగే పెంచానే" అంది. అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలయ్యాక, నిద్రలో ఉన్నట్టుండి జరిగే పసిపిల్లల మరణాలు దాదాపు సగానికి తగ్గాయని చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండోదాంట్లో గోడల రంగు వెలిసిపోయింది. కానీ ఒక్కో ఆవిడ దగ్గర ముగ్గురే పిల్లలు, గదిలో మొత్తం ఆరుగురు. ఏడాదిలోపు పిల్లలకి అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం చెప్పే లెక్కా అదే. తొట్టెల్లో గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి తప్ప ఇంకేమీ లేవు. నేను అడగాల్సినవి అక్కడి ఆవిడే నన్ను అడిగింది: బోర్లా తిరుగుతోందా, ఎన్నింటికి నిద్రపోతుంది, తల్లిపాలు పిండి పంపిస్తారా అని. సీసా మీద పేరు, తేదీ ఉండాలట. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు దాటితే వాడరట. ఫీజు మొదటిదానికంటే బాగా ఎక్కువ. అయినా ఇద్దరం దారిలోనే ఒప్పేసుకున్నాం, ఏ ఖర్చులు తగ్గించుకోవాలో తర్వాత కూర్చుని చూశాం.

చేరే ముందు ఒప్పందం కాగితం మాత్రం రెండుసార్లు చదివాను. రాని రోజులకీ ఫీజు కట్టాలి. ఆలస్యంగా వెళితే అదనం. జ్వరం తగ్గి 24 గంటలు కానిదే తీసుకోరు. ఈ చివరిదాని ధర నా నోటుబుక్కులో లేదు. మొదటి రెండు నెలల్లో పాపకి నాలుగుసార్లు జలుబు. గుంపులో చేరిన పిల్లలకి మొదటి ఏడాది ఇది మామూలేనని డాక్టర్ చెప్పారు గానీ, ఆఫీసుకి ఫోన్ చేసిన ప్రతిసారీ టెన్షనే. అలా నాలుగో గడి గీయాల్సి వచ్చింది: 'సెలవులు'. ఆ గడిలో ఎవరు ఎన్ని రోజులు పెట్టారో రాసుకుంటున్నాం. ఈ నెల రెండు రోజులు. రెండూ మా ఆయనవే.