సెట్ అయిందా?

ఇవాళ మీటింగ్‌లో ఒకాయన "అంతా సెట్ అయిపోయింది సార్, ఇంక టెన్షన్ లేదు" అన్నాడు. పక్కనున్నావిడ "అయితే డేట్ సెట్ చేసేద్దామా?" అంది. ప్రొజెక్టర్ దగ్గర కుర్రాడేమో బ్రైట్‌నెస్ సెట్ చేస్తూనే ఉన్నాడు. నాకిక అసలు విషయం చెవికెక్కలేదు, ఈ సెట్ అన్న మాట మీదే పడింది ధ్యాసంతా.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు 1989 ముద్రణలో అన్నిటికంటే ఎక్కువ చోటు పట్టింది ఈ మాటే. క్రియగా సుమారు 430 అర్థాలు, వివరణే 60,000 మాటల దాకా. తర్వాత మొదలైన కొత్త ముద్రణలో 'రన్' 645 అర్థాలతో దీన్ని దాటేసింది. మూడక్షరాల మాటలే ఇంత మోత మోయడం చూస్తే, ఇంగ్లిష్‌లో పొడుగాటి మాటలకు భయపడ్డ నా చదువుకునే రోజులు గుర్తొచ్చి నవ్వొచ్చింది. కష్టమంతా పొట్టివాటితోనే.

దీని పుట్టుక నాకు భలే నచ్చుతుంది. 'సిట్' అంటే కూర్చోవడం, 'సెట్' అంటే కూర్చోబెట్టడం. మనకు దిగుకి దింపు, ఆగుకి ఆపు, తిరుగుకి తిప్పు ఉన్నట్టే. ఇంగ్లిష్‌లో ఇలాంటి జంటలు ఇప్పుడు కొన్నే మిగిలాయి. 'రైజ్' (లేవడం)కి 'రెయిజ్' (లేపడం), 'లై' (పడుకోవడం)కి 'లే' (పడుకోబెట్టడం), 'ఫాల్' (పడడం)కి 'ఫెల్'. ఈ 'ఫెల్' అంటే పడిపోయాడని కాదు, చెట్టుని పడగొట్టడం. అలారం సెట్ చేసినా, బల్ల మీద గ్లాసు సెట్ చేసినా లోపల ఉన్నది ఆ కూర్చోబెట్టడమే. పొద్దు వాలడానికీ ఇదే క్రియ.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అక్క కూతురు లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. "మావయ్యా, సెట్‌లో ఒకే అంకె రెండుసార్లు రాస్తే తప్పా?" తప్పేం కాదు, కానీ రెండుసార్లు రాసినా ఒకటే లెక్క. 1, 2, 2 అని రాసినా 1, 2 అని రాసినా అదే సమితి. వరస మార్చినా అదే. "మరి స్పానర్ సెట్‌లో ఒకే సైజువి రెండుంటే రెండు అంటాం కదా?" అంది. అంటాం మరి. పైగా ఒక్క స్పానరూ లేని ఖాళీ పెట్టెని సెట్ అని ఎవరూ కొనరు, లెక్కల్లో మాత్రం శూన్య సమితి కూడా దర్జాగా సమితే.

దానికి చెప్పని సంగతి ఇంకొకటుంది. గుంపు, జట్టు అనే ఈ సెట్ అసలు ఆ కూర్చోబెట్టే సెట్ కాదు. ఇది లాటిన్ 'సెక్టా' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, మతశాఖల్ని 'సెక్ట్' అంటారే, దానికి చుట్టం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన రెండు మాటలు ఒకే స్పెల్లింగ్‌లో కలిసిపోయి, ఇప్పుడు ఏ అర్థం ఏ వైపుదో విడదీయడం కష్టమైపోయింది. టెన్నిస్‌లోనూ కొన్ని గేములు కలిస్తే సెట్. 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ ఆడిన చివరి సెట్ 70–68 దాకా వెళ్లింది. ఆ ఒక్క సెట్టే 8 గంటలు దాటింది!

పక్కింటివాళ్లు శ్లాబు వేయించారు. "సెట్ అవ్వాలండీ, ఇప్పుడే తొక్కకండి" అని మేస్త్రి కేకలు. కాంక్రీటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, సిమెంటు నీళ్లతో కలిసి రసాయన చర్య జరిగితే గట్టిపడుతుంది. అందుకే సెట్ అయ్యాక కూడా రోజుల తరబడి తడుపుతూ ఉంటారు. త్వరగా ఆరిపోతే బలం రాదు.

ఇవన్నీ ఇంగ్లిష్ సెట్లు. మన సెట్ వేరు. "వాళ్లిద్దరికీ సెట్ అవ్వలేదు", "నీకు ఈ రంగు సెట్ అవ్వదు" అని ఇంగ్లిష్‌లో ఇదే మాట పెట్టి అంటే అవతలివాడికి అర్థం కాదు. మనం దాన్ని తెచ్చుకుని, కుదరడం అనే అర్థం మనమే తగిలించాం. అందులో తప్పేమీ కనిపించదు నాకు. కాకపోతే చొక్కా నప్పింది, బేరం కుదిరింది, తలుపు సరిగ్గా పట్టింది, హారం మెడకి అమరింది అని దేనికది ఉండేది. ఇప్పుడు అన్నిటికీ ఇదొక్కటే. 'నప్పింది' అనేవాళ్లు తగ్గిపోవడం మాత్రం నాకు కాస్త బాధే.

రాత్రి పిన్ని ఫోన్. "తమ్ముడు సెటిల్ అయ్యాడా?" అని. ఈ సెటిల్ కూడా ఆ కూర్చునే కుటుంబంలోదే, పాత ఇంగ్లిష్‌లో 'సెట్ల్' అంటే ఆసనం. అంటే వాడికో కుర్చీ దొరికిందా అని అడుగుతున్నావన్నమాట పిన్నీ, అంటూ మొదలుపెట్టాను. ఓపిగ్గా కొంచెంసేపు వింది.

"అదంతా సరేరా, ఇంతకీ సెటిల్ అయినట్టా, కానట్టా?"