నార్సెట్ మూడోసారికి వచ్చింది... రెండోసారి ఎందుకు పోయిందంటే

నార్సెట్ అంటే ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల పరీక్ష. లిస్టులో నంబర్ చూసుకుని ముందు అమ్మకి ఫోన్ చేశాను. "ఇంతకీ ఇంజెక్షన్లు వేసే ఉద్యోగమే కదా?" అంది. అవునమ్మా, అదే!

సిలబస్, పుస్తకాలు మీకు తెలిసినవే. ప్రిలిమ్స్ 90 నిమిషాలు, 100 ప్రశ్నలు, చెప్పడానికేం లేదు. రెండోసారి నేను పోయింది దాని తర్వాతి దశ, మెయిన్స్‌లో.

నేను రాసినప్పుడు ఎయిమ్స్‌లో 80 శాతం పోస్టులు ఆడవాళ్లకి, మన మగ నర్సులకి 20. దాని గురించి నేను ఏడ్చినంత ఎవరూ ఏడ్చి ఉండరు. డ్యూటీలోనూ అదే మొహం. ఊళ్లో కాంపౌండర్ అంటారు, వార్డులో బ్రదర్ అంటారు, పేషెంట్‌ని ఎత్తాలంటే మాత్రం అందరికీ నేనే గుర్తొస్తాను. ఇక్కడ ఎన్నాళ్లులే అనుకుని నైట్ డ్యూటీలో ఎంసీక్యూలు, అంటే ఆప్షన్ల ప్రశ్నలు, చేసుకునేవాణ్ణి.

అప్పుడు పక్షవాతంతో ఒక పెద్దాయన ఉండేవాడు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఒక రాత్రి పన్నెండింటికీ, రెండింటికీ తిప్పకుండానే చార్టులో సంతకం పెట్టేశాను. నాలుగింటికి తిప్పితే నడుము కింద రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కాను. తెల్లబడలేదు. పడక పుండు మొదలు, స్టేజ్ 1. అరగంట కిందటే దాని మీద ప్రశ్నకి కరెక్ట్‌గా టిక్ పెట్టాను! కింద చాప మీద పడుకున్న ఆయన భార్య లేచి, "నిద్ర లేకుండా చేస్తున్నావు నాయనా" అంది.

ఒక్కణ్ణే, పద్దెనిమిది బెడ్లు. సాకు అనుకుంటే అనుకోండి, నిజమే చెప్తున్నా. పొద్దున్నే ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పి తిట్లు తిన్నాను. మూడో రోజుకి ఎరుపు పోయింది. ఆ పెద్దావిడకి మాత్రం చెప్పలేకపోయాను.

డ్యూటీకి పుస్తకం తీసుకెళ్లడం మానేశాను. టైం వేస్ట్ అన్నారు ఫ్రెండ్స్. డ్యూటీ ఎక్కగానే ఎవర్ని ముందు చూడాలి, ఎవరు ఆగగలరు అని బెడ్ బెడ్‌కీ ఆలోచించేవాణ్ణి. మెయిన్స్‌లో కేసు ఇచ్చి అడిగేది అదేగా! రెండోసారి డెఫినిషన్లు తలుచుకుంటూ టిక్కులు పెట్టాను, ఒక్కో తప్పుకి మూడో వంతు మార్కు చొప్పున కోత పడింది. ఈసారి చాలా ప్రశ్నల్లో నాకు ఆప్షన్ల కంటే ముందు బెడ్ కనిపించింది. చదవకుండా వస్తుందని కాదు, రోజూ నాలుగు గంటలు కూర్చున్నాను, పండగలు కూడా లేవు.

అబ్బాయిలకి ఇంకొకటి. ఆడపేషెంట్ దగ్గర ముందు అడగండి, కర్టెన్ వేయండి, ఆయమ్మని పక్కన ఉంచుకోండి. "ఇబ్బందైతే సిస్టర్ని పిలుస్తానమ్మా" అంటే ఎక్కువమంది "పర్లేదు బాబూ" అంటారు. వద్దన్నవాళ్ల మీద నాకు మొదట్లో ఉక్రోషం వచ్చేది. ఇప్పుడు మాట్లాడకుండా వెళ్లి సిస్టర్ని పిలుచుకొస్తాను.