పర్యవేక్షిక పరీక్షకు చదువుతున్న మన సరిహద్దు చెల్లెళ్ళకు

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దు వైపున్న సిరొంచ, అహేరి, రాజురా, కిన్వట్, ధర్మాబాద్ నుంచి చాలామంది ఆడపిల్లలు అంగన్వాడీ పర్యవేక్షిక (సూపర్‌వైజరు) పోస్టుకు చదువుతున్నారు. మాది సిరొంచ. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ చదివిన మనం ముందు టెన్షన్ పడేది మరాఠీ వ్యాకరణం గురించే. నన్నడిగితే అంత టెన్షన్ అక్కర్లేదు. వ్యాకరణం, ఇంగ్లీషు, బుద్ధిమత్త (రీజనింగ్), సామాన్య జ్ఞానం రోజూ పాత ప్రశ్నపత్రాలు చేస్తూ పోతే దారికొస్తాయి. మార్కులు చేజారేది సబ్జెక్టులో, అందులోనూ అంగన్వాడీ కేంద్రం ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాల దగ్గర.

ఎందుకంటే ఈ ప్రమాణాలన్నీ ఒకే పుస్తకంలోంచి రాలేదు. గైడ్లలో మాత్రం అన్నీ ఒకే పేజీలో కుప్ప పోసి ఉంటాయి. అలా బట్టీ పడితే పరీక్ష హాల్లో 400, 500, 600 అన్నీ కలగాపులగం అవుతాయి. ప్రతి అంకె పక్కన అది ఏ చట్టం నుంచో, ఏ విధానం నుంచో వచ్చిందో, ఎవరి కోసం పెట్టారో రాసుకోండి. 400 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం అన్నది ఐసీడీఎస్ లెక్క, అంటే అంగన్వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకానిది. గిరిజన, కొండ ప్రాంతాల్లో అదే 300 నుంచి మొదలవుతుంది, 150 నుంచి 300 ఉంటే మినీ కేంద్రం. మన గడ్చిరోలి జిల్లా ఊళ్ళకు ఈ రెండో లెక్కే ముఖ్యం. కేంద్రం భవనానికి 600 చదరపు అడుగులు అన్నదీ ఐసీడీఎస్‌దే. ఆ పథకం మొదలైంది 1975 అక్టోబర్ 2న, 33 ప్రాజెక్టుల్లో.

సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఇచ్చిన ఆదేశాన్ని వదలొద్దు. ఊళ్ళోనో మురికివాడలోనో ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేకపోతే, అడిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలని అందులో ఉంది. అడగడం ప్రజల హక్కు. అది చదివాక నాకు ఈ ఉద్యోగం మీద గౌరవం పెరిగింది.

2013లో రెండు వచ్చాయి. ఒకటి ఆహార భద్రత చట్టం. సెక్షన్ 4 గర్భిణులకు, బాలింతలకు. సెక్షన్ 5 పిల్లలకు. సెక్షన్ 6 పోషకాహార లోపం ఉన్న పిల్లలను గుర్తించి తిండి పెట్టడానికి. ప్రతి అంగన్వాడీలో వంటకు, తాగునీటికి, మరుగుదొడ్డికి సౌకర్యం ఉండాలన్న మాట సెక్షన్ 5లోనే ఉంది. చట్టం వచ్చిన కొత్తలో ఆరు నెలల నుంచి ఆరేళ్ళ పిల్లలకు 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీను అని ఉండేది. ఈ అంకెలున్న చట్టంలోని షెడ్యూలును 2023 జనవరిలో సవరించారు. మార్కెట్లో పాత గైడ్లు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి సవరించిన గెజిట్ ప్రింటు తీసుకుని నోట్సులో అంటించుకోండి.

రెండోది పూర్వ ప్రాథమిక సంరక్షణ, విద్య మీద జాతీయ విధానం. 30 మంది పిల్లలకు కనీసం 35 చదరపు మీటర్ల గది, బయట ఆడుకోవడానికి కనీసం 30 చదరపు మీటర్ల జాగా, రోజుకు 3 నుంచి 4 గంటల కార్యక్రమం, మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో 20 మందికి ఒకరు, మూడేళ్ళలోపు అయితే 10 మందికి ఒకరు చూసుకునేవాళ్ళు. వీటిని నేను మా వాడకట్టులోని అంగన్వాడీకి వెళ్ళి నేర్చుకున్నాను. సేవిక (అంగన్వాడీ టీచరు) అనుమతితో టేపు పట్టి గది కొలిచాను. 35 చదరపు మీటర్లంటే ఎంతో కళ్ళతో చూశాక ఆ అంకె ఇక మర్చిపోలేదు.

బరువు తూచే రోజు తప్పకుండా వెళ్ళండి. పిల్లను ఎక్కించే ముందు కాటా సున్నా మీద ఉందా, ఒంటి మీద బరువైన బట్టలు తీశారా చూడండి. దండ (మోచేతి పైభాగం) చుట్టుకొలత ఎడమ చేతికి తీస్తారు. మోచెయ్యి మడిచి భుజం కొసకూ మోచేతికీ మధ్య గుర్తు పెట్టి, చెయ్యి వదులుగా వేలాడనిచ్చి టేపు చుట్టాలి. చర్మం నొక్కుకుపోకూడదు, సందు ఉండకూడదు. ఆరు నెలలు దాటిన ఐదేళ్ళలోపు పిల్లలకు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే పోషకాహార లోపం తీవ్రం, 11.5 నుంచి 12.5 లోపు మధ్యస్థం. టేపు కొంచెం వదులైతే తీవ్రమైన పిల్ల మధ్యస్థం కింద నమోదైపోతుంది. ఆ పిల్లకు అందాల్సిన వైద్యం అక్కడే ఆగిపోతుంది. ఎత్తు అయితే రెండేళ్ళలోపు పిల్లలను పడుకోబెట్టి, ఆ పైన నిలబెట్టి కొలుస్తారు. రెండేళ్ళలోపు పిల్లను నిలబెట్టి కొలవాల్సి వస్తే 0.7 సెంటీమీటర్లు కలపాలి. పర్యవేక్షిక చూడాల్సింది ఇదీ. రిజిస్టరు నిండిందా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

ఆ 2013 విధానంలోనే ఇంకో ప్రమాణం ఉంది, మన సరిహద్దు వాళ్ళు గట్టిగా పట్టుకోవాల్సింది. పిల్లలతో ప్రధానంగా మాతృభాషలోనే మాట్లాడాలి. మా దగ్గర ఒక కేంద్రంలో మామిడికాయ బొమ్మ చూపించి మరాఠీలో “హే కాయ్ ఆహే?” (ఇదేమిటి?) అని అడిగితే నాలుగేళ్ళ పాప తల దించుకుంది. సేవిక అదే బొమ్మతో “ఇదేందమ్మా?” అంది. పాప మామిడికాయ అని చెప్పి, తమ ఇంటి వెనక చెట్టు గురించి కూడా మొదలుపెట్టింది. లోపలి ఊళ్ళల్లో మాడియా అనే గిరిజన భాష మాట్లాడే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. తెలుగు తెలిసిన పర్యవేక్షిక ఈ ప్రాంతానికి ఎంత అవసరమో ఇంటర్వ్యూ ఉన్న పరీక్షల్లో ధైర్యంగా చెప్పండి.

ప్రైవేటు ప్లేస్కూళ్ళ మీద జాతీయ బాలల హక్కుల కమిషన్ మార్గదర్శకాలు ఒకసారి చదివితే చాలు. గుర్తింపు తీసుకోవాలి, 20 మందికి ఒక టీచరు, ఈ రెండూ అందులో ప్రధానం. కేంద్రం పోషకాహార కార్యక్రమం పోషణ్ అభియాన్ 2018 మార్చి 8న రాజస్థాన్‌లోని ఝున్‌ఝునూలో మొదలైంది, అంగన్వాడీ వివరాలు నమోదుచేసే పోషణ్ ట్రాకర్ యాప్ 2021లో వచ్చింది, అంగన్వాడీల్లో పోషణతో పాటు చదువు మీద దృష్టిపెట్టే పోషణ్ భీ పఢాయీ భీ 2023లో. మహారాష్ట్ర వాళ్ళు 2015 నాటి ఏపీజే అబ్దుల్ కలామ్ అమృత్ ఆహార్ యోజన జీఆర్‌ను (ప్రభుత్వ ఉత్తర్వును) మరాఠీలోనే చదవండి. గిరిజన ప్రాంత గర్భిణులకు, బాలింతలకు రోజుకు ఒక పూట కడుపునిండా వేడి భోజనం పెట్టే పథకం అది, మన తాలూకాలో కళ్ళముందే నడుస్తోంది. జీఆర్ భాష అలవాటైతే ప్రశ్నపత్రంలోని మరాఠీ కూడా తేలికవుతుంది.

పరీక్ష కేంద్రం దూరం పడితే ముందురోజే చేరుకోండి. సిరొంచ నుంచి ఆలాపల్లి మీదుగా వెళ్ళే రోడ్డు వానాకాలంలో నమ్మదగ్గది కాదు. ఇంట్లో ఒంటరిగా పంపడానికి వెనకాడితే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. చేరాక ఆ సాయంత్రం కొత్తవేవీ తెరవకుండా, గెజిట్ అంటించిన ఆ నోట్సు ఒక్కటే తిరగేసి పడుకోండి.